బుట్ట బండిలో అమ్మ

నల్గొండలో నేను పనిచేసే ఆఫీసు ముందు ఈ మధ్య రోడ్డు తవ్వుతున్నారు. మధ్యాహ్నం టీకని బయటికొస్తే, ఎండలో ఆగి ఉన్న జేసీబీ దగ్గర కాగిన ఆయిల్, తడిమట్టి కలిసిన వాసన వస్తుంది. పక్కవాళ్లు ముక్కు మూసుకుని పోతారు. నేను కాసేపు అక్కడే నిలబడతాను. నా చిన్నప్పుడు మా వాకిలంతా ఆ వాసనే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము కొత్తకోట పక్క ఊళ్లో ఉండేవాళ్లం. బాపు కరెంటు పనిచేసేవాడు. బోరు మోటార్లు, పెళ్లి పందిళ్ల సీరియల్ బల్బులు, హైవే మీది దాబాల లైట్లు, ఏది చెడినా ఆయనే పోయేవాడు. ఒక వానాకాలం నిచ్చెన జారి కిందపడి కాలు విరిగింది. ఆ పంటకాలమంతా మంచం మీదే. ఊళ్లోవాళ్లు చెడిపోయిన మోటార్లు, ఫ్యాన్లు తెచ్చి మంచం పక్కన పెడితే బాపు పడుకునే చెప్పేవాడు, అమ్మ కింద కూర్చుని విప్పేది. పత్తి ఏరి ఏరి గీరుకుపోయిన ఆమె వేళ్లు సన్నటి రాగితీగలను ఓపిగ్గా చుడుతుంటే, పొయ్యి మీద పల్లికాయ ఉడుకుతూ ఇల్లంతా ఉప్పటి ఆవిరి కమ్ముకునేది.

కాలు అతుక్కుంది గానీ బాపు మళ్లీ నిచ్చెన ముట్టలేదు. అప్పుడే పట్నంలో ఎవరో పాత బుట్ట బండి అమ్ముతున్నారని తెలిసింది. లారీ మీద పొడుగాటి ఇనుప చెయ్యి, దాని కొసకు మనిషి నిలబడేంత బుట్ట. అదుంటే నిచ్చెనతో పని లేదు, పెద్ద పెద్ద జాగాల్లో స్తంభాల లైట్లు బాగుచేసే పని మొదలుపెట్టొచ్చని బాపు ఆశ. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, తన మేకలన్నీ అమ్మేసింది. "మనిషి సల్లగుంటే మేకలు మల్ల రావా?" అంది. మరుసటి ఏడు బండి వచ్చేనాటికి సీతాఫలాలు కళ్లు విప్పుతున్నాయి. గడ్డిలో మగ్గేసిన పండ్లు తింటూ, ఆ పొడుగు మెడను చూసి మేం పిల్లలం దానికి కొంగ బండి అని పేరు పెట్టాం.

మొదటి పని హైవే మీది ఖాజా మామ దాబాలో దొరికింది. లారీలు ఆగే ఆ పెద్ద జాగాలో లైట్లన్నీ ఆరిపోయి, పొద్దుగూకితే డ్రైవర్లు ఆపకుండా ముందుకు పోతున్నారు. బాపు, అమ్మ, నేను బండిలోనే వెళ్లాం. బాపు బోర్డు దగ్గర కరెంటు బందు చేసి, బండి ఇనుపకాళ్లు నేలకు దించి, అమ్మకు బుట్టను లేపి దించే మీటలు చూపించి, నడుముకు పట్టీ కట్టుకుని బుట్టలోకి ఎక్కాడు. స్తంభం సగానికి పోయాడో లేదో, రెండు చేతులతో బుట్ట అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"దించు! జల్ది దించే!"

కిందికొచ్చి చక్రానికి ఒరిగి కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుంది.

"నాతోని కాదు. గా పడ్డదే కండ్లల్ల మెదుల్తాంది" అన్నాడు.

ఖాజా మామ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. "ఫికర్ చెయ్యకు భాయ్, రేపు సూద్దాం" అన్నాడు మెల్లగా. రేపైనా ఆ భయం పోదని బాపు మొహమే చెబుతోంది. ఈ సంగతి హైవే మీద పాకితే ఇంక మమ్మల్ని ఎవరూ పిలవరు. అమ్మ చాలాసేపు స్తంభం వైపే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపి, బాపు నడుముకున్న పట్టీ విప్పి తాను కట్టుకుంది.

"నువ్వు కింద మీటలు సూస్కో. ఏది విప్పాల్నో చెప్పు. నేను ఎక్కుత."

"నీకు భయం కాదా?"

"అయితది. అయితేంది? కింద నువ్వున్నవ్ గద."

బాపు లేచి మీట పట్టుకున్నాడు. బుట్టను కుదుపు లేకుండా లేపాడు. కింద నుంచి ఆయన ఒక్కో మాట చెబుతుంటే, పైన అమ్మ ఒక్కో మర విప్పింది. సాయంత్రానికి స్తంభాలన్నీ అయ్యాక స్విచ్చి వేశారు. లైట్లు ముందు నిప్పుకణికల్లా ఎర్రబడి, నెమ్మదిగా పసుపుపచ్చగా విచ్చుకున్నాయి. కాసేపటికి బెంగుళూరు వైపు పోయే ఒక లారీ వేగం తగ్గించి లోపలికి తిరిగింది. బాపు అమ్మ దగ్గరికి వచ్చి, ఆమె జుట్టులో చిక్కిన పురుగుల రెక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

ఇంట్లో అవ్వ మాత్రం నిప్పులు చెరిగింది. "ఆడమనిషి గాలిల ఏలాడుడేందే?" అని రెండు పూటలు అమ్మతో మాట్లాడలేదు. సద్దుల బతుకమ్మ నాడు బడి మైదానంలో లైటు ఆరిపోతే అమ్మ పట్టుచీరతోనే బుట్ట ఎక్కింది. కింద తంగేడు, గునుగు పూల బతుకమ్మలు దించి ఆడవాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. వెలుగు రాగానే అవ్వ, చేతిలో రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దతో, పక్క ఊరామెతో గట్టిగా అంది:

"గామె నా కోడలు."

ఆ తర్వాత పెట్రోలు బంకులు, ఫంక్షన్ హాళ్లు, పత్తి మిల్లుల ఆవరణలు, ఎక్కడెక్కడి నుంచో పిలుపులు. అమ్మ పైన ఉన్నంతసేపూ బాపు బీడీ ముట్టేవాడు కాదు, ఎవరు పలకరించినా తల తిప్పేవాడు కాదు. ఆయన మళ్లీ ఎన్నడూ బుట్ట ఎక్కలేదు. ఎక్కమని అమ్మ ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆ పసుపు లైట్లు లేవు. అంతటా తెల్లగా మెరిసే కొత్త లైట్లు. అవి ఓ పట్టాన చెడిపోవు. పని తగ్గి బండి పాత ఇనుముకు పోయింది. అవ్వ లేదు. ఖాజా మామ దాబా మూతపడి, గోడలు కూల్చి, స్తంభాలు పీకేశారు. మొన్న బస్సులో అటుగా వస్తుంటే అమ్మ నా భుజం తట్టి, కిటికీలోంచి ఆ ఖాళీ జాగా మీద, పైన ఆకాశంలో ఒకచోటికి వేలెత్తి చూపింది.

"గాడ నిలవడ్డ బిడ్డా, మొదటిసారి."

ముందు సీటులోని ఆమె కూడా వంగి అటు చూసింది. అక్కడ ఏమీ లేదు, ఎండ తప్ప. బస్సు దాటిపోయేదాకా అమ్మ వేలు దించలేదు.