అజ్మత్ బీ గడ్డిలో బత్తాయిలు

అజ్మత్ బీ చెయ్యి తగిలితే రాయి కూడా పండవుతుందని హాలియాలో అనేవాళ్లు. మాటలకు పన్ను లేదు కదా. అయినా ఆమె మాగవేసిన మామిడిపండు నిజంగానే బాగుండేది. భర్త పోయాక ఆమెకు ఆధారం ఆ పనే. ఎండాకాలంలో రైతులు కాయలు తెచ్చి ఆమె ఇంట్లో దించేవాళ్లు. ఆమె వెనక గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి తలుపు మూసేది. కూలీ కింద కొన్ని పండ్లు తీసుకుని అమ్ముకునేది.

ఎనభైల చివర్లో ఊరి చుట్టూ బత్తాయి తోటలు లేచాయి. ఒక ఆషాఢంలో గాలివానకు గోపయ్య అనే రైతు తోటలో పచ్చికాయలు రాలిపోయాయి. మామిడి రాలితే ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. బండికెత్తి అజ్మత్ బీ ఇంటికి తోలుకొచ్చాడు.

"గివి పండుతయా బీబీ?"

"కాయ అన్నంక పండకేం జేస్తది? ఫికర్ జెయ్యకు," అంది ఆమె. పొగడ్త ఎవరినైనా చెడగొడుతుంది.

తీరా గడ్డి తీసి చూస్తే తొక్కలు వడలిపోయాయి, కొన్నిటికి బూజు పట్టింది. కోస్తే అదే పులుపు. అజ్మత్ బీ హస్తవాసి పోయిందని ఊరంతా పాకింది. కుండ నోటికి మూకుడుంది గానీ ఊరి నోటికి లేదు. ఆమెకు అవమానం కంటే భయం ఎక్కువైంది. రేపు మామిడికాయలు రాకపోతే తినేదేమిటి?

పక్కింటి ఇస్రాయేలు ఉద్యానశాఖలో ఉద్యోగి. సెలవుకు వచ్చి, సంగతి విని, ఓదార్చబోయాడు.

"నీ తప్పేం లేదు చాచీ. పండుడు అనేది కాయలనే రాసి ఉంటది. జన్యువులంటరు, తల్లిచెట్టు నుంచి వచ్చేటివి. ముదిరిన మామిడికాయను తెంపినా అవి ఊకుండవు, కాయతోటి ఒక గాలి పుట్టిస్తయి. ఆ గాలి గడ్డిల నిలిస్తే పక్క కాయలు గూడ అందుకుంటయి, లోపటి పిండి చక్కెరయితది. బత్తాయి జన్యువులు గట్ల చెయ్యవు. చెట్టు మీద ఎంత తీపెక్కితే అంతే. తెంపినంక ఎవలు మాగేసినా పండదు."

అజ్మత్ బీ వెనక గది వైపు తిరిగింది.

"అయితే మామిడి గూడ నాతోటి పండలేదా?"

"నువ్వు గాలి పోకుంట కప్పుతవు. పండేది కాయనే చాచీ."

ఇస్రాయేలు మంచివాడే. మంచివాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో గోపయ్య బజార్లో ఎదురయ్యాడు. చుట్టూ నలుగురు రైతులున్నారు. "ఇస్రాయేలు చెప్పిండు బీబీ. తప్పు నీది గాదంట, కాయదంట," అన్నాడు గట్టిగా.

నింద పోయినట్టే. కానీ పండకపోవడం కాయ గుణమైతే పండడమూ కాయ గుణమే. అది రైతులకు తట్టిన రోజు ఎవరింట్లో వాళ్లే కాయలకు గడ్డి కప్పుకుంటారు.

"పిలగాడు నా మీద ప్రేమతోటి గట్లన్నడు," అంది అజ్మత్ బీ, అందరికీ వినపడేలా. "తప్పు నాదే గోపయ్యా. గడ్డి తడిసింది, చూసుకోలే. నా చేతులనే పాడైనయి. ఈసారి మంచిగ ఎండబెట్టిన. మామిడికాయలు పట్టుకరా."