ఆగకూడనిది

ఇన్వర్టర్ మేస్త్రి ఏ ఇంటికెళ్ళినా ముందు అడిగేది ఒకటే: "కరెంటు పోతే ఏది ఆగకూడదమ్మా?" ఆ రోజు వెళ్ళిన ఇంటి కోడలు ఫ్రిజ్, టీవీ, మిక్సీ అంటూ ఏకరువు పెట్టింది. "అన్నీ మోయడానికి ఇదేమన్నా ఏనుగా తల్లీ?" అని నవ్వి, అతను లోపలి గదిలోకి చూశాడు. అక్కడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో అత్తగారు. కరెంటు పోతే మిషన్ ఆగిపోతుందన్న భయంతో మూడు రోజులుగా ఆవిడకు కునుకు లేదు. మేస్త్రి మిగతావన్నీ తప్పించి, ఆ మిషన్ ఒక్కటే బ్యాటరీ లైనుకు కలిపాడు. కోడలిని మెయిన్ దగ్గర నిలబెట్టి, దేవుణ్ణి తలుచుకుని, తన కుడిచేత్తో పెద్దావిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"ఆపమ్మా!"

ఇన్వర్టర్ టిక్కుమంది. ఫ్యాను ఆగింది, మిషన్ ఆగలేదు.

"ఇదెవరి కరెంటు నాయనా?"

"బ్యాటరీది, పెద్దమ్మా." మెయిన్ మళ్ళీ వేయించాడు. "ఇప్పుడు బయటిది. తేడా తెలిసిందా?"

జవాబుగా సన్నని గురక వినిపించింది. కోడలు టీ తెచ్చింది. "తప్పుగా అనుకోకమ్మా" అని గుసగుసగా చెప్పి, మేస్త్రి ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.