బాలింత గదిలో ఏసీ

2023 డిసెంబరు. పాడేరు జిల్లా కేంద్రమై అప్పటికి ఏడాదిన్నర దాటింది. కొత్త ఆఫీసులు, వాటిలో కొత్త సార్లు. ఆ సార్ల గదుల పుణ్యమా అని, అనకాపల్లి నుంచి కొండెక్కిన నాలాంటి ఏసీ మెకానిక్కుకి కూడా ఐదు వేళ్లూ నోట్లోకి పోతున్నాయి. డిసెంబరులో మాత్రం వ్యాపారం మరీ చల్లగా ఉంటుంది. దుప్పట్ల కొట్టు పక్కనే ఏసీలు పేర్చుకుని కూర్చున్నవాణ్ని చూసి నవ్వని మనిషి లేడు. మఫ్లర్ సందులోంచి నేనూ నవ్వేవాణ్ని.

అలాంటి ఒక ఉదయం సుందర్రావు వచ్చాడు. అరకు దగ్గర కొండ ఊరివాడు, ఆశ్రమ పాఠశాలలో టీచరు.

"ఏసీ కావాలండి. పెద్దది. రెండు టన్నులది."

"ఏ ఆఫీసుకి మాస్టారూ?"

"ఇంటికండి. మా గుంట కోసం."

పాప నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రిలో వెచ్చని పెట్టెలో పెట్టి కాపాడారు. కాస్త బరువు పెరిగింది, ఇంటికి పంపబోతున్నారు. గది వెచ్చగా ఉండాలి, పొగ మాత్రం తగలకూడదు అని నర్సు మరీ మరీ చెప్పిందట. చిక్కంతా అక్కడే. వాళ్ల ఊళ్లో వెచ్చదనం ఎక్కడుంటే పొగ అక్కడుంటుంది. బాలింత మంచం పక్కన కుంపటి లేని ఇల్లు లేదు.

"వేడి గాలి ఇచ్చే ఏసీ ఉంటాదని ఫోన్లో చూశాను. నిజమేనా, ఉత్తిదా?"

నిజమే. దాన్ని మేం హాట్ అండ్ కోల్డ్ అంటాం. మామూలు ఏసీ గదిలోని వేడిని తోడి బయట పారబోస్తుంది. ఇది అదే పనిని తిరగేసి, బయటి చల్లగాలిలో ఉన్న ఆ కాస్త వేడినీ తోడి లోపలికి తెస్తుంది. ఇక టన్ను అంటే బరువు కాదు, వేడిని ఎంత జోరుగా తోడగలదో చెప్పే కొలత. బరువే లెక్కయితే కొట్టులో నాకే ఎక్కువ ధర పలికేది.

గది చూడకుండా టన్ను చెప్పేవాడు నాడి చూడకుండా మందిచ్చేవాడితో సమానం. కాబట్టి వెళ్లాను. చిన్న గది, ఇటుక గోడలు, పైన రేకులు. గోడకీ రేకులకీ మధ్య చుట్టూ అరచెయ్యి పట్టే సందు.

"మాస్టారూ, దీనికి రెండు కాదు, ఇరవై టన్నులు పెట్టినా వేడంతా గాలికొండకి పోతుంది. ముందు రేకుల కింద సీలింగ్ వేయించండి. సందులు మూయించండి. అప్పుడు ఒక టన్ను చాలు."

సాయంత్రాలు ఆ ఊళ్లో వోల్టేజీ నీరసిస్తుంది గనక, తక్కువ కరెంటుకి సర్దుకుపోయే ఇన్వర్టర్ రకం ఎంచి, దానికో స్టెబిలైజర్ తగిలించాను. గాలి నేరుగా మంచం మీద పడకుండా ఎదురు గోడకి తిప్పాను. మనుషులు ఊపిరి పీల్చుకోవాలి కదా, తలుపు పైన చిన్న కన్నం ఒకటి ఉంచాం.

ఇదంతా చూస్తూ గడపలో నిలబడింది సుందర్రావు తల్లి సుక్రమ్మ. "ఏటి బాబూ, నిప్పు లేకుండా వేడెలా వత్తాది?" అంటూ నా సమాధానం వినకుండానే వెళ్లిపోయింది.

పాప వచ్చిన రోజు నేనూ వెళ్లాను. అంత చిన్న ప్రాణాన్ని నేనెప్పుడూ చూడలేదు. తల్లి దేవి ఒడిలో ఆ పిల్ల కన్నా చుట్టిన గుడ్డలే ఎక్కువ. పొద్దు వాలేసరికి మంచు దిగింది. గది వెచ్చబడింది, నాకు మాత్రం కుదురు లేదు. గోడ మీది థర్మామీటరు చూస్తాను, బయటికెళ్లి ఔట్‌డోర్ యూనిట్ చూస్తాను, మళ్లీ లోపలికి. "కూకో బాబూ, నీ తిరుగుడుకే గది సల్లారిపోతాది" అంది సుక్రమ్మ.

అంతలో గాలి ఆగింది.

ఇది ముందే అనుకున్నదే. మంచులో ఔట్‌డోర్ యూనిట్ మీద తేమ తెల్లగా గడ్డకట్టి పేరుకుంటుంది. దాన్ని కరిగించుకోవడానికి మిషన్ కాసేపు లోపలి గాలి ఆపేస్తుంది. డిఫ్రాస్ట్ అంటాం. సుందర్రావుకీ దేవికీ ముందే చెప్పి ఉంచాను. సుక్రమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. ఇప్పుడు కణకణలాడే కుంపటితో గుమ్మంలో ఉంది.

"తప్పుకో బాబూ. నీ పెట్టి సచ్చిపోనాది. నా నిప్పు సావదు."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అడ్డం నిలబడటానికి నా ఒళ్లు పనికొచ్చింది అదొక్కసారే.

"అమ్మా, నిన్నటిదాకా నీ కుంపటి గాలి రేకుల సందుల్లోంచి పోయేది. ఆ సందులు నేనే మూయించాను. ఇప్పుడు లోపల పెడితే రంగూ వాసనా లేని విషం గదిలోనే ఉండిపోతుంది. తలుపు మీది ఆ కన్నం దానికి చాలదు. పడుకున్నవాళ్లు లేవరు."

"నా నలుగురు పిల్లల్ని నిప్పు పక్కనే కన్నాను. లేవనేదా వోళ్లు?"

"లేచారమ్మా. ఆ ఇంటికి సందులున్నాయి."

ఆవిడ పైకి చూసింది. కొత్త సీలింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. కుంపటి దించలేదు.

"మరి గుంట సల్లబడిపోతే?"

దానికి జవాబు నా సామాన్ల సంచీలో కాదు, దేవి దగ్గర ఉంది. ఆసుపత్రిలో నర్సు నేర్పిందట, పాప ఒంటి మీది గుడ్డలు విప్పి తన గుండెకి ఆనించుకుంది. "అత్తా, దుప్పటి బేగి కప్పు" అంది. సుక్రమ్మ కుంపటి వరండాలో దించి పరుగెత్తింది. తల్లీబిడ్డల్ని కలిపి చుట్టి, పాప అరికాలు తన పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. నేను వరండాలోకి వచ్చి ఆ కుంపటి దగ్గరే చేతులు కాచుకున్నాను.

లోపల టక్కుమంది. గాలి మొదలైంది. సుక్రమ్మ పిడికిలి విప్పి పాప పాదం చెంపకి ఆనించుకుంది. "వెచ్చగానే ఉన్నాది" అంది. నాతో కాదు, దేవితో.

ఇప్పుడు ఏసీ కోసం ఎవరొచ్చినా టన్నూ స్టార్లూ మాట్లాడక ముందు రెండు సంగతులు అడుగుతాను. ఆ గదిలో ఇప్పటిదాకా ఏం వెలిగిస్తున్నారు? మిషన్ ఆగితే ఇంట్లో ఎవరు ఏం చేస్తారు? అది విని, ఏసీ అమ్మేవాడికి ఇవన్నీ ఎందుకని కొందరు వెళ్లిపోయారు కూడా.

మొన్న సర్వీసుకని వెళ్లాను. ఆ గుంట ఇప్పుడు నడుస్తోంది, రిమోట్ లాక్కుని మంచం కిందికి దూరింది. పక్కింటి కోడలికి నెలలు నిండాయట, వాళ్లూ ఏసీ చూడటానికి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే సుక్రమ్మ అందుకుంది.

"మంచిదేనే. కానీ మంచు పడితే మద్దిలో ఆగుద్ది. ఆగినాదని నిప్పు తేకు. గుంటని గుండెకి కట్టుకో."