చెట్టుకి నీళ్లు పెట్టడం లేదండీ

మా కాలనీకి పంచాయతీ కుళాయి రాదు. కొబ్బరితోటని ప్లాట్లుగా కోసి అమ్మిన పెద్దమనిషి, పైపులైను ఇవాళో రేపో వచ్చేస్తుందని అందరికీ నమ్మకంగా చెప్పాడు. మేం ఇళ్లు కట్టుకుని, పాలు పొంగించుకుని, సామాన్లు సర్దుకున్నాక చూస్తే ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. ఇక లాభం లేదని అందరం కలిసి ఒక సంఘం పెట్టుకుని, సొంతంగా బోరు వేయించి, కాలనీ మొదట్లో ఒక ట్యాంకు కట్టించుకున్నాం. సఖినేటిపల్లి రేవుకి వెళ్లే దారిలో నీలం రంగు ట్యాంకు కనిపిస్తే అది మాదే. ఆ రంగు ఎంచింది మా ఆయన. సంఘానికి ఆయన చేసిన సేవ అదొక్కటే.

అధ్యక్షురాలిని నేను. నా గొప్పతనం చూసి ఎన్నుకున్నారనుకునేరు. మగవాళ్లంతా "మీరుండండి" అంటే "మీరుండండి" అని ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ కూర్చున్నారు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరూ వద్దు, నేనుంటాను లెండి" అన్నాను. "ఆయ్, అమ్మగారే ఉండాలండి" అంటూ అందరూ హాయిగా లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి మోటారు తిరగకపోయినా, వాల్వు కారినా, ట్యాంకులో కప్ప పడినా జనం వచ్చి నిలబడేది నా గుమ్మంలోనే.

మా నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఒక పక్క గోదావరి పాయ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో కాలువలు. చూడ్డానికి ఎటు చూసినా నీళ్లే. కానీ భూమిలో తీపి నీళ్లు పైపైనే ఉంటాయి, వాటి కిందంతా ఉప్పు. కాలువలు పారినంత కాలం తీపి నీళ్లకి లోటుండదు. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఆ పై నీళ్లు తగ్గిపోతాయి. ఆ రోజుల్లో మోటారుని ఆపకుండా తిప్పామంటే అడుగున ఉన్న ఉప్పు పైకి ఎగదన్నుకొచ్చేస్తుంది. పెద్ద మోటారు బిగిస్తే బాగుంటుందని మా ఆయన ఏటా అంటాడు. కువైట్‌లో చాలా ఏళ్లు పెద్ద పెద్ద యంత్రాలతో పనిచేసి వచ్చిన మనిషి, చిన్నవేవీ ఆయన కంటికి ఆనవు. నేను ఏటా వద్దంటాను.

నీళ్లు ఎలా ఉన్నాయో నేను పప్పుతో తేలుస్తాను. రోజూ కుళాయి నీళ్లతోనే కందిపప్పు ఉడకేస్తాను. మెత్తగా ఉడికిందా, నీళ్లు బాగున్నాయి. ఎంతసేపు ఉంచినా బద్ద బద్దగానే ఉందా, ఉప్పు తగిలినట్టే. నేను చెప్పబోయే ఆ వేసవి వరకు మా పప్పు ఎప్పుడూ మొరాయించలేదు.

పైపులైను చివరింట్లో ఒకావిడ ఉంటుంది. నాకంటే చిన్నది, నన్ను అక్కగారూ అంటుంది. పుట్టిల్లు ఆత్రేయపురం వైపు. పూతరేకులకి రేకులు తీయడం ఆవిడ పని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టలతో మంట పెడుతుంది. నీళ్లలా పలచగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి లాగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా తెల్లటి రేకు లేస్తుంది. వాటిని రాజోలులో ఒక మిఠాయి కొట్టుకి వేస్తుంది. భర్త పోయాక ఆ రేకులు తీసే ఆ ఇల్లు కట్టుకుంది. మా పెరళ్లలో ఏ చెట్టు మట్ట రాలినా తీసుకెళ్లి ఆవిడ గోడ పక్కన పడేయడం మా కాలనీ అలవాటు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతుంటుంది.

ఆ సంవత్సరం ఎండలు ముందే ముదిరాయి. కాలువలు కట్టేయగానే ట్యాంకు కింద కుర్చీలు వేయించి మీటింగు పెట్టాను. మోటారు పొద్దున కొంచెంసేపు, సాయంత్రం కొంచెంసేపు. ఇంట్లో వాడకానికి సరిపోతాయి. కానీ కాలువలు వదిలే వరకు కొబ్బరిచెట్లకి ట్యాంకు నీళ్లు పెట్టకూడదు. ఇదీ నేను చెప్పింది.

చెప్తుంటేనే అందరి మొహాలూ వాడిపోయాయి. మా వైపు మనిషికి చెట్టుకి నీళ్లు పెట్టొద్దని చెప్పడం, గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి మంచినీళ్లివ్వొద్దని చెప్పడంలాంటిది. ప్లాట్లు వేసినప్పుడు తోటలో చాలా చెట్లు కొట్టేశారు. ఒక్కో ఇంటికి రెండో మూడో మిగిలాయి, వాటిమీదే ప్రాణం. అయినా ఎవరూ కాదనలేదు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు.

"గొట్టాలు ఇవాళే చుట్టేస్తామండి," అన్నారు మా ఎదురింటి మేష్టారు. ఆయన రిటైరైన హైస్కూలు మేష్టారు. కాలనీలో ఆయన మాటంటే అందరికీ గౌరవం, నాక్కూడా.

నిజంగానే చుట్టేశారు. మర్నాడు వీధిలో నడిస్తే ప్రతి గోడకీ గొట్టం చక్కగా చుట్టి మేకుకి తగిలించి ఉంది. నా మాటకి ఇంత విలువుందా అని మురిసిపోయాను.

అయితే ట్యాంకు మాత్రం పొద్దెక్కకుండానే ఖాళీ అయిపోతోంది. చివరిళ్లకి నీళ్లందడం లేదని మోటారు ఇంకాసేపు వేయించాను. మర్నాడు ఇంకాసేపు. లీకేజీ ఉందేమోనని పైపు పొడుగునా తవ్వించి చూశాను, చుక్క కారడం లేదు. నాలుగో రోజో ఐదో రోజో మా ఇంట్లో పప్పు ఉడకలేదు. సబ్బు నురగ రాలేదు.

రెండ్రోజులు చూసినా అలాగే ఉండేసరికి, మూడో రోజు పొద్దున్నే ట్యాంకు వాల్వు తిప్పి, నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామని ఇంటింటికీ బయల్దేరాను. ముందు మేష్టారి పెరటి గేటు తీశాను. ఆయన కొబ్బరిచెట్టు పాదులో పీట వేసుకుని, తుండు కట్టుకుని, పక్కన రెండు బకెట్లు పెట్టుకుని స్నానం చేస్తున్నారు. చెట్టు మొదలు చుట్టూ పాదు నిండి నీళ్లు తళతళలాడుతున్నాయి. నేను గబుక్కున మొహం తిప్పుకున్నాను.

"ఇదేంటండీ మేష్టారూ, బాత్రూముండగా?"

"చెట్టుకి నీళ్లు పెట్టడం లేదండీ," అన్నారాయన, నేను అడగని ప్రశ్నకి జవాబుగా. "స్నానం చేస్తన్నానండి. ఎండలు కదండీ, పొద్దున్నోసారి, మధ్యాన్నం ఓసారి, సాయంత్రం ఓసారి చేస్తే గానీ ఒళ్లు చల్లబడ్డం లేదండి."

"ఒక చెట్టు దగ్గరేనా?"

"అదేవన్నమాటండీ, ఒకదానికి చేసి ఇంకోదానికి చెయ్యకపోతే ఎలాగండి?" అన్నారు, చాలా న్యాయంగా.

ఆ పక్కింట్లో బట్టలుతికే రాయి రాత్రికి రాత్రే దొడ్డి గుమ్మం దగ్గర్నుంచి చెట్టు కిందకి నడిచింది. దుప్పట్లు, కర్టెన్లు, పెట్టెలో దాచిన పట్టుచీరలు కూడా ఉతికేస్తున్నారు. ఇంకో ఇంట్లో అంట్లన్నీ పాదులోనే తోముతున్నారు, తోమినవే మళ్లీ తోముతున్నారు. ఇంకో ఇంటి ఇల్లాలు నన్ను చూసి, "రండక్కగారూ, కాళ్లు కడుక్కోండి," అని చెంబు పట్టుకుని చెట్టు దగ్గరకే తీసుకెళ్లింది. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు చెట్టుకి పారించడం మాకు తాతలనాటి అలవాటే. నేనది మర్చిపోయి, చుట్టిన గొట్టాలు చూసి మురిసిపోయాను. వీళ్లు నా మాట తప్పకుండానే, గొట్టంతో పెట్టేదానికి రెట్టింపు నీళ్లు చెట్లకి పోస్తున్నారు.

కోపంతో ఊగిపోతూ ఇంటికొచ్చాను. మా ఆయన పెరట్లో చెట్టుకి వీపు ఆనించి నెత్తిన సబ్బు రాసుకుంటున్నాడు. మామూలుగా రెండ్రోజులకోసారి స్నానం చేయమని నేను వెంటపడాల్సిన మనిషి.

"నువ్వు చెట్టుకి పెట్టొద్దన్నావు గానీ, నాకు పోసుకోవద్దనలేదు కదే," అన్నాడు. ఆయన పక్కనున్న చెంబు లాక్కుని గోడవతలికి విసిరేశాను.

సరిగ్గా అప్పుడే చివరింటావిడ వచ్చింది. చేతిలో అరిటాకు, ఆకులో ఒక రేకు. రేకు ముట్టుకుంటే గలగలలాడాలి. ఇది తడి గుడ్డలా చేతికి అంటుకుపోయింది. కొంచెం తుంచి నోట్లో వేసుకుంటే ఉప్పు.

"కొట్టువాళ్లు రెండుసార్లు తిప్పి పంపేసేరు అక్కగారూ," అంది. "మూడోసారీ ఇలాగే వస్తే ఇంకోళ్ల దగ్గర తీసుకుంటామన్నారు. నేను మా అన్నయ్యగారింటికి పోయి అక్కడ పొయ్యి పెట్టుకుంటానండి. కుండ గడ్డిలో చుట్టేసేను."

"ఎన్నాళ్లకి వస్తావు?"

ఆవిడ అరిటాకుని నాలుగు మడతలు పెట్టింది. వాళ్ల పుట్టింటి ఊళ్లో రేకులు తీసేవాళ్లు ఇంటికొకరున్నారు. అన్నగారింట్లో వదినగారి చెప్పుచేతల్లో ఉంటూ, ఇక్కడ కొట్టు బేరం పోగొట్టుకుంటే ఈ ఇంటికి తాళమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఊరుకున్నాను.

"సాయంత్రం వరకు ఆగు. ఉన్న రేకులు పంచదార పెట్టి చుట్టి పట్టుకురా," అన్నాను.

నా ఎత్తు ఏమిటంటే, మీటింగు పెట్టి తలా ఒక పూతరేకు చేతిలో పెట్టాలి. నోట్లో పెట్టుకోగానే మొహాలు ముడుచుకుంటాయి. అప్పుడు, ఇది మీ చెట్లు తాగిన నీళ్ల ఫలితం అని నేను కడిగేస్తాను. ఏం మాట్లాడాలో కూడా మనసులో వల్లె వేసుకున్నాను.

సాయంత్రం అందరూ వచ్చారు. స్నానాలు బాగా సాగుతున్నాయేమో, ఒక్కొక్కరు మెరిసిపోతున్నారు. ఆవిడ పళ్లెం పట్టుకుని పంచింది. అందరూ తిన్నారు. నేను మొహాల్లోకి చూస్తూ నిలబడ్డాను.

"బాగుందండి," అన్నారు మేష్టారు.

"ఆయ్, చాలా బాగుందండి," అన్నారు పక్కాయన.

"మీ చేతి రేకంటే చెప్పేదేముందండి," అంది పొద్దున కాళ్లు కడుక్కోమన్న చెంబావిడ.

మా ఆయన రెండోది అడిగి తీసుకున్నాడు. పెట్టింది తిని బాగోలేదని చెప్పే మనిషి మా వైపు పుట్టలేదు, ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. వల్లె వేసుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి.

అప్పుడు ఆవిడ పళ్లెం కింద పెట్టింది. ఎప్పుడూ నలుగురిలో తలెత్తి మాట్లాడని మనిషి.

"బాగోలేదండి," అంది. "ఉప్పగా ఉందండి. మెత్తబడిపోయిందండి. కొట్టువాళ్లు తిప్పి కొట్టేరండి. ఇది బాగుందంటున్నారంటే, ఇన్నేళ్లూ నేను మంచి రేకు పెట్టినప్పుడు కూడా మీరు ఇలాగే అన్నారన్నమాట కదండి?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం ఎటు పోయిందో తెలీదు, సిగ్గేసింది, అందరి తరఫునా. మేష్టారు చేతిలో మిగిలిన ముక్కని తిరిగి పళ్లెంలో పెట్టేశారు.

"మోటారు ఆపించండమ్మా," అన్నారు నాతో. "తాగడానికి, వండుకోడానికి మాత్రం వదలండి. చెట్ల సంగతి దేవుడు చూసుకుంటాడండి."

మర్నాటి నుంచి మోటారు పొద్దున మాత్రమే వేశాం. పీట పెరట్లోంచి బాత్రూములోకి వెళ్లింది. ఉతికే రాయి గుమ్మం దగ్గరకి తిరిగొచ్చింది. ట్యాంకులో నీళ్లు సాయంత్రం దాకా నిలిచాయి. కానీ బోరులోకి వచ్చిన ఉప్పు, మనం బుద్ధి తెచ్చుకున్నాం కదా అని వెంటనే దిగిపోదు. నేను వెళ్లి కొట్టువాళ్లతో మాట్లాడి, కాలువలు వదిలే వరకు ఆగమని బతిమాలాను. సరేనన్నారు, అదీ నా పోరు పడలేక. ఆవిడ పుట్టింటికి వెళ్లకుండా ఆగింది. కుండ మాత్రం గడ్డిలోంచి విప్పలేదు. ఆ గడ్డి మూట గుమ్మం పక్కన కనిపించినప్పుడల్లా ఇంటికొచ్చి ఇంకోసారి పప్పు ఉడకేసి చూసేదాన్ని.

చెట్లు చాలా అవస్థ పడ్డాయి. పిందెలు రాలాయి. ఆ విడత కాయలు దింపిస్తే సన్నగా దిగాయి, అంబాజీపేట కొబ్బరి వ్యాపారి చూసి పెదవి విరిచాడు. నీళ్లందని చెట్లు మట్టలు ఎండి రాల్చాయి, ఎప్పటికంటే ఎక్కువే. అవన్నీ పాత అలవాటు ప్రకారం ఆవిడ గోడ పక్కకే చేరాయి. మంట లేని ఇంటి ముందు మట్టలు గోడెత్తు పేరుకున్నాయి.

కాలువలు వదిలారు. మరికొన్నాళ్లకి మా ఇంట్లో పప్పు ఉడికింది. పూర్తిగా కాదు, మెదిపితే మెదిగేంత. ఆ మాట చెప్పగానే ఆవిడ గడ్డి విప్పి కుండ బోర్లించింది. మేం నలుగురం గుమిగూడాం. పొయ్యిలో పెట్టిన మొదటి మట్ట మేష్టారి చెట్టుదే, ఆయనే మోసుకొచ్చారు. గుడ్డ లాగింది. రేకు లేచింది. ఆవిడ దాన్ని ఆయన చేతిలో పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

మేష్టారు నోట్లో వేసుకున్నారు. నమిలారు. పెద్దాయన చెమటలు తుడుచుకున్నారు. జన్మలో అలాంటి మాట అని ఉండరు.

"ఇంకా కొంచెం ఉప్పగానే ఉందండి," అన్నారు.

ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "ఆయ్, నాకూ అలాగే అనిపించిందండి," అంటూ పొయ్యిలోంచి మట్ట బయటికి లాగి మంట ఆర్పేసింది. కుండ మాత్రం పొయ్యి మీదే ఉంచింది. "ఎల్లుండి మళ్లీ తీస్తానండి. మేష్టారూ, మీరే రావాలండి."