ఇటుక వేడి, ఇత్తడి వేడి

అరవైల నాటి మాట. అక్క పురిటికి రేపల్లెలో మా ఇంటికి వచ్చింది. నేను తెనాలిలో పీయూసీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. ఏడో నెలలోనే నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు. డాక్టరు గారు చూసి, "వెచ్చగా ఉంచండి. ఈ నెల గట్టెక్కితే బతికేస్తాడు," అన్నారు.

అమ్మకు వంటా, అక్క పథ్యంతోనే సరిపోయేది. ఆ పని నాయనమ్మ తన మీద వేసుకుంది. ఊక పొయ్యిలో ఇటుక కాల్చి, పాత పంచె నాలుగు మడతలు చుట్టి, ముందు తన బుగ్గకు ఆనించి చూసుకుని, దూదిలో ఉన్న పిల్లాడి పక్కన పెట్టేది. అది చల్లారేలోపు రెండో ఇటుక సిద్ధం. పదకొండు రోజులు పగలూ రాత్రీ ఇదే.

పీయూసీ వెలగబెడుతున్నానుగా, నాకు నవ్వొచ్చేది. "ఏంటి నాయనమ్మా, ఈ ఇటుకల బట్టీ? ఇత్తడి ఎంత చప్పున వేడినిస్తుందో తెలుసా?"

"నీ చదువు నీ దగ్గరుంచుకోవే. ఇటుకకి తొందర లేదు. పసివాడికి కావాల్సింది అదే," అంది.

పన్నెండో రోజు పొద్దున మంచు ఇంకా విడవలేదు. అక్క నిద్రలో ఉంది. నాయనమ్మ ఇక ఆగలేక, ఇటుక మార్చే పని నాకు అప్పగించి, పక్క గదిలో నడుం వాల్చింది. వెళ్లి చూస్తే పొయ్యిలో ఊక ఆరిపోయింది. మళ్ళీ రాజేయడానికి బద్ధకం. పెరట్లో స్నానాలకు పెట్టిన కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. రైల్లో వెంట తీసుకెళ్ళే ఇత్తడి మరచెంబు నింపి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పిల్లాడి పక్కన పెట్టాను. కాసేపటికే వాడి బుగ్గలు ఎర్రబడ్డాయి. మురిసిపోయాను. వారపత్రికలో సీరియల్ పట్టుకుని గోడకు చేరగిలబడ్డాను.

ఎంతసేపు చదివానో తెలియదు. తలెత్తి చూసేసరికి తువ్వాలు జారిపోయి, చెంబు పిల్లాడి వీపుకు ఆనుకుని ఉంది. ముట్టుకుంటే మంచుముద్ద. ఎంత చప్పున ఇచ్చిందో అంత చప్పున చల్లారి, వాడి ఒంట్లో ఉన్న కాస్త వేడినీ లాగేసుకుంటోంది. అంత చదివినదాన్ని, నా బుర్రకు ఆ రెండో సగం తట్టలేదు.

నా కేకకు నాయనమ్మ వచ్చింది. రవికె విప్పి పిల్లాణ్ణి గుండెలకు అదుముకుని కూర్చుంది. మధ్యాహ్నానికి వాడు పోయాడు.

"ఎవరే వీడి దగ్గరున్నది?" అక్క అరిచింది.

"నేనే తల్లీ. కునుకు పట్టింది. ఇటుక చల్లారిపోయింది," అంది నాయనమ్మ. చెంబు ఆమె చీర కుచ్చెళ్ళ కింద ఉంది. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను.

అక్క బాపట్ల అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆ తరవాత నాయనమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. నిజం చెప్పేస్తానని నేను ఏడిస్తే నాయనమ్మ కసిరింది. "నోర్ముయ్యవే. మీరిద్దరూ ఇంకా బోలెడు కాలం బతకాలి. నాకింకెన్నాళ్ళు?"

ఇప్పటికీ పొద్దున్నే చల్లటి గ్లాసు చేతికి తగిలితే ఆ చిన్న వీపే గుర్తొస్తుంది. ఆ చల్లదనమంటే నాకు భయం. అది పోలేదు, పోదు.

డెబ్బైల్లో నాయనమ్మ చనిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళ కొసల నుంచి చల్లదనం పైకి పాకింది. రెండు చేతులతో ఎంత రుద్దినా నా వేడి ఆమె ఒంట్లో నిలవలేదు.

బాపట్ల కబురు పంపితే బావగారొక్కరే వచ్చారు. "అక్క ఏదండీ?" అని అడిగాను.

ఆయన తల దించుకున్నారు. "రానందండి. నా బిడ్డని పొట్టన పెట్టుకున్న మనిషి మొహం చూడనంది."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా విన్నారు. పాపం, ఆ తల్లి కడుపుకోత అలాంటిదని ఎవరో అన్నారు. అమ్మ కూడా తలూపింది. అందరూ అక్కడే ఉన్నారు, నాయనమ్మ ఇక నన్ను కసరలేదు. చెప్పడానికి నోరు తెరిచాను.

"మంచినీళ్ళు తాగుతారా బావగారూ?" అన్నాను.