కుతైసీ వీధిలో నా తిండి పట్టింపు

నాకు బయటి తిండి పడదు. ఈ మాట నేనెంత గొప్పగా చెప్పుకునేదాన్నో నాంపల్లిలో మా ఆఫీసు మొత్తానికీ తెలుసు. ఎగ్జిబిషన్‌కి వెళ్తే అందరూ మిర్చి బజ్జీల బండి చుట్టూ మూగుతారు, నేను ఓ పక్కన కూర్చుని నా డబ్బా విప్పుతాను. అబిడ్స్‌లో మ్యాచింగ్ సెంటర్ నడిపే నా స్నేహితురాలు కౌంటర్ వెనక నుంచి ఏది పెట్టబోయినా, "చేతులు కడిగావా?" అని అడిగేదాన్ని. కడిగానని చెప్పినా తినేదాన్ని కాదు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు మెచ్చుకోలని నేను అనుకునేదాన్ని, నా తెలివి అలాంటిది.

కిందటేడు మేం ముగ్గురం జార్జియా వెళ్లాం. మూడో ఆమె బషీర్‌బాగ్ కాలేజీలో లెక్చరర్, బండి నడిపేది ఆమే. టిబిలిసీలో కారు కిరాయికి తీసుకుని, దారిలో ఊళ్లు చూసుకుంటూ, చివరికి బటూమీలో నల్ల సముద్రం చేరాలని అనుకున్నాం. సముద్రం కోరిక మ్యాచింగ్ సెంటర్ ఆమెది. పొద్దస్తమానం చీరలకి ఫాల్సూ జాకెట్టు గుడ్డలూ కలిపి చూసే మనిషి. "నలుపుల ఎన్ని నలుపులుంటయో నాకెరుక. గది ఏ నలుపో చూడాలె అక్కా" అని, నల్ల ఫాల్ ముక్క ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మరీ బయల్దేరింది. షాపుకి అన్ని రోజులు తాళం వేయడం ఆమెకి అదే మొదటిసారి.

నేను పెట్టుకున్నవి అటుకులూ కారప్పొడీ. అవి టిబిలిసీలోనే అయిపోయాయి. అక్కడి నుంచి ద్రాక్షపళ్లూ మంచినీళ్లే. ప్రతి హోటల్ ముందూ వాళ్లిద్దరూ బతిమాలడం, ఏ గిన్నెలో ఏం వండారోనని నేను గుమ్మం బయటే నిలబడిపోవడం. నేనలా బయట నిలబడి చూస్తుంటే వాళ్లకి మాత్రం ముద్ద ఎలా దిగుతుంది? సగం తిని లేచి వచ్చేవాళ్లు. దారిలో కుతైసీ ఊళ్లో కారు దిగగానే నాకు కళ్లు తిరిగాయి. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

లెక్చరర్ స్టీరింగ్ వదలకుండానే అంది: "రేపు కూడా నువ్విలాగే ఉంటే నేను సముద్రం దాకా నడపను. వెనక్కి పోదాం. నీకేమన్నా అయితే మీ ఇంట్లోవాళ్లకి నేనేం చెప్పను?"

మ్యాచింగ్ సెంటర్ ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి, లోపలికి చూసి, మళ్లీ మూసింది. అప్పుడైనా నేను "సరే, తింటాను" అనాల్సింది. అనలేదు.

హోటల్ గదిలో నేను పడుకుంటే, మ్యాచింగ్ సెంటర్ ఆమె ఎక్కడో బియ్యం, నిమ్మకాయలు, నూనె సంపాదించుకొచ్చింది. పోపు సామాను అబిడ్స్ నుంచే నాకోసం తెచ్చిందట, నాకప్పటిదాకా తెలియదు. లెక్చరర్ దగ్గరున్న బుల్లి రైస్‌కుక్కర్‌లో అన్నం వండి పళ్లెంలో ఆరబోసింది. గది తలుపు వెనక గిన్నె బొమ్మ మీద అడ్డగీత కొట్టిన కాగితం అంటించి ఉంది. దాని మీద మా తువ్వాలు ఆరేసి ఉంది. చలిగా ఉందని కిటికీలన్నీ మూసేశాం. ఆమె అదే కుక్కర్‌లో నూనె పోసి, స్విచ్చి వేలితో నొక్కిపట్టుకుని, ఆవాలు చిటపటలాడగానే ఎండుమిరపకాయలు వేసింది.

"లే అక్కా, పులిహోర అయితుంది" అంది దగ్గుతూనే.

మన ఇళ్లలో పోపు ఘాటుకి ఎవరు దగ్గినా ఎవరూ పట్టించుకోరు. అక్కడ మాత్రం గది పైకప్పుకి బిగించిన గుండ్రటి పొగ అలారం డబ్బా కెవ్వుమంది. ఆ వెంటనే మేడ మొత్తం కెవ్వుమంది.

అందరం వీధిలోకొచ్చి పడ్డాం. సగం గడ్డానికి నురగతో ఒకాయన. స్నానం మధ్యలో బిడ్డని తువ్వాలులో చుట్టుకుని పరిగెత్తుకొచ్చిన తల్లి. హోటల్ యజమాని తల్లి కాబోలు, ఒక ముసలామె, పిండి అంటిన చేతులతో. ఫైరింజన్ వచ్చింది. పెద్ద బూట్లతో లోపలికి వెళ్లిన ఫైర్‌మ్యాన్ తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, మా కుక్కర్‌ని చేతికి ఎడంగా పట్టుకుని బయటికొచ్చాడు. ఎవరిదన్నట్టు చుట్టూ చూపించాడు.

మ్యాచింగ్ సెంటర్ ఆమె ముందుకెళ్లి, నా వైపు వేలు చూపిస్తూ గట్టిగా చెప్పింది: "మై సిస్టర్! ఫుడ్ నో! త్రీ డేస్!"

ఆమెకి నా మీద కోపం లేదు, జాలి. నాకోసం వాళ్లని వేడుకుంటోంది. వీధి వీధంతా నా వైపు తిరిగింది. నేల చీలితే బాగుండుననిపించింది. అదే అబిడ్స్‌లో అయితే, ఉత్త పుణ్యానికి ఫైరింజన్ రప్పించినందుకు జనం దులిపేసేవాళ్లు. తిట్టినా బాగుండేది. ఇక్కడ మాత్రం ఆ బిడ్డ తల్లి చలికి వణుకుతూనే నన్ను చూసి, అయ్యో అన్నట్టు తలూపింది. ముసలామె గబగబా లోపలికి వెళ్లి, చీజ్ కూరిన వేడి రొట్టె పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టి, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. నురగ గడ్డం ఆయనా నిలబడ్డాడు. నేను తింటేగానీ ఎవరూ కదిలేలా లేరు.

ఆమె చేతుల గురించి అడగబోయాను. అలవాటు ఎక్కడికి పోతుంది? నోరు తెరిచి, మళ్లీ ఆ తెరిచిన నోట్లోనే రొట్టె పెట్టుకున్నాను.

బాగుంది. అందరి ముందూ దోషిలా నిలబడ్డానే, అది కూడా నన్నంత కుంగదీయలేదు. బాగుంది, అదే నాకు తల తీసేసినట్టయింది. ఇన్నాళ్లూ దేనికోసం ఈ ఇద్దర్నీ ఇంత ఏడిపించానో నాకు నేనే చెప్పుకోలేకపోయాను. రెండో ముక్క అడక్కుండానే తీసుకున్నాను. లెక్చరర్ ఉక్రోషంగా మొహం పక్కకి తిప్పుకుంది. ముసలామె మాత్రం నా వీపు నిమిరి, మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది.

మర్నాడు బండి ముందుకే సాగింది. బటూమీలో గులకరాళ్ల ఒడ్డున మ్యాచింగ్ సెంటర్ ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగి, ఫాల్ ముక్క తీసి సముద్రానికి ఆనించింది.

"గిది నలుపేంది అక్కా! నెమలికంఠం రంగు గదా. గీ పేరు ఎవడు పెట్టిండు?"

ఆమె అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇంకొంచెమైతే దీన్నే లేకుండా చేసేదాన్ని. సంచీలోంచి ఆ రొట్టె తీసి, మూడు ముక్కలు చేసి, మొదటి ముక్క ఆమెకే ఇవ్వబోయాను.

ఆమె తీసుకోలేదు. నా చేతుల వైపు చూసింది.

"చేతులు కడిగినవా అక్కా?"

మొహంలో నవ్వు లేదు. ఇన్నేళ్లూ కౌంటర్ వెనక నిలబడి ఆ మాట ఎలా విన్నదో నాకప్పుడు తెలిసింది. రొట్టె లెక్చరర్ చేతిలో పెట్టి, వంగి ఆ నీళ్లలోనే చేతులు కడుక్కున్నాను. లేచి మళ్లీ అందించాను.

అప్పుడు తీసుకుంది.