లైన్ బంద్ అన్నాడు

ప్లగ్గు నా చేతిలో ఉండగానే టీవీలో బొమ్మ వచ్చింది. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే.

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఫిజిక్సుతో డిగ్రీ చేసినదాన్ని, అట్లాంటి సంగతులు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక, తలుపులు మళ్లీ ఒకసారి చూసి వచ్చి, ఇది రాస్తున్నాను.

మేముండేది భూపాలపల్లిలో. కేబుల్ దూరం నుంచి రావడంతో సిగ్నల్ బలం తగ్గి, బొమ్మ గడులు గడులుగా విరిగిపోయేది. దాన్ని పెంచడానికి కేబుల్ నడిపే రమేశన్న మా డాబా మీద యాంప్లిఫయర్ డబ్బా బిగించాడు, బట్టలారేసే ఇనుప తీగ కట్టిన పైపుకే. అతనిదీ మా పుట్టింటి ఊరు జఫర్‌గఢే. ఏటా నేను రాఖీ కట్టేది అతనికే. నా పిల్లలకు మామ.

కరంట్ ఎక్కడిదని అప్పుడే అడిగాను.

“మీ ఇంటిది గాదు చెల్లె, బయట కరంట్ పోల్ నుంచి తెచ్చిన” అన్నాడు.

ఆ రోజు బొమ్మ మళ్లీ విరుగుతుంటే వచ్చాడు. డబ్బా మూత తీసి చూసి, కొత్త పార్టు తేవాలంటూ దిగిపోయాడు.

“లైన్ బంద్ జేసిన. జర ఆగుర్రి, తెస్త.”

“పిల్లలు పైకి పోతరు, భయమేం లేదు గదా అన్నా?”

“బంద్ జేసిన అంటున్న గదా. ఊకె పరేషాన్ అయితవేంది?”

మధ్యాహ్నమైనా రాలేదు. వాన పడి వెలిసింది. నా కూతురు నిధి తడి యూనిఫాం ఆరేయడానికి పైకి వెళ్లింది, వెనకే దాని తమ్ముడూ వెళ్లాడు. టీవీ వెనక దుమ్ము తుడుద్దామని నేను ప్లగ్గు పీకాను.

అప్పుడు వెలిగింది తెర. ఒక్క గడి కూడా విరగని బొమ్మ. ఏదో సీరియల్‌లా ఉంది. అటు తిరిగి నిలబడ్డ ఒక ముసలామె, “పోరగాండ్లేరే?” అంది.

సీరియళ్లలో ఎవరూ అట్లా మాట్లాడరు. పిల్లలేరని అట్లా అడిగేది చనిపోయిన మా అత్తమ్మ ఒక్కతే.

డాబా మీదికి పరుగెత్తాను. నిధి తడి చొక్కా తీగ మీద వేయబోతోంది. “ముట్టకు!” అని అరిచాను. దాని చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

పిల్లలను కిందికి పంపి, టెస్టర్ తెచ్చి తీగకు ఆనించాను. వెలిగింది. మెయిన్ ఆపితే ఆరిపోయింది. ఆ కరంట్ మా ఇంటిదే. డబ్బా వైరు వెంట వెళ్లి చూస్తే, మా మోటారు వైరు నుంచి, మాకు తెలియకుండా, ఎర్త్ కూడా లేకుండా కలిపాడు. వానకు తడిసిన డబ్బాలోంచి పైపుకూ తీగకూ కరంట్ పాకింది.

సాయంత్రం వచ్చిన రమేశన్న నవ్వాడు.

“లైన్ బంద్ అన్న గని కరంట్ బంద్ అన్ననా? మా కేబులోళ్లకు లైన్ అంటే సిగ్నలే. సదువుకున్నదానివి, గది తెల్వదా?”

“నేను రాఖీ కట్టిన చెయ్యేనా అన్నా, గా వైరు కలిపింది?”

నా ముఖం చూడకుండా డబ్బా విప్పుకొని పోయాడు.

ఆపినా టీవీలో కాసేపు కరంట్ మిగులుతుందేమోనని తర్వాత ఎన్నోసార్లు ప్లగ్గు పీకి చూశాను. ప్రతిసారీ తెర వెంటనే నల్లబడింది. పైగా ఆ పూట సిగ్నలే లేదు. అదొక్కటే అతను నిజం చెప్పాడు. మరి ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు పొద్దున పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

“ఎవరు బంద్ జేసినమన్నా సరే, నేను చూసేదాక తీగ ముట్టొద్దు.”

“మామ చెప్పినా?” అంది నిధి.

“మామ చెప్పినా.”